బోర్డు వెలిగితే బే ఖాళీగా ఉన్నట్టేనా?

పోయిన ఏడాది ఒక ప్రయాణంలో మా విమానం గేటు ముందుకొచ్చి 11 నిమిషాలు ఆగిపోయింది. ఏ ఊరు, ఏ కంపెనీ అన్నది వదిలేద్దాం. టెర్మినల్ అద్దాల వెనక మనుషులు కనపడేంత దగ్గరికి వచ్చి నిలబడింది. సీటు బెల్టు గుర్తు ఇంకా వెలుగుతూనే ఉంది, అయినా సగం మంది లేచేశారు. ఒకాయన పైనున్న సంచి దించి నెత్తిన పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. నేను సీటు ముందున్న తెరలో కెమెరా చానెల్ పెట్టుకుని చూస్తున్నాను. ఎదురుగా టెర్మినల్ గోడ మీద నల్లటి బోర్డు, దాని మీద ఎర్ర చుక్కలతో ఏవో అక్షరాలు, అలుక్కుపోయి కనిపిస్తున్నాయి.

కాసేపటికి కెప్టెన్ గొంతు వినిపించింది. ఎటు జరగాలో, ఎక్కడ ఆగాలో పైలట్‌కు చూపించే ఆ పార్కింగ్ గైడెన్స్ బోర్డుకు ఏదో సమస్య వచ్చిందట, మనిషి వస్తున్నాడట, కాస్త ఓపిక పట్టమన్నాడు.

అందరితో పాటు నేనూ గొణిగాను. సముద్రాలు దాటించి తెచ్చినవాళ్లు చివరి 30 మీటర్ల కోసం చేతులూపే మనిషికి కాచుకుని కూర్చోవడమేంటి? నేల మీద గీత ఉంది, చక్రం ఆగాల్సిన చోట అడ్డగీత ఉంది. పోనిస్తే పోతుంది కదా!

మనిషి రానే వచ్చాడు. మెరిసే జాకెట్టు, చేతుల్లో రెండు నారింజ రంగు కర్రలు. కానీ వస్తూనే మా వైపు చూడలేదు. మాకు వీపు పెట్టి కుడి పక్కకు తిరిగి ఎవరినో కేకేశాడు. అప్పుడు చూశాను. తెర కుడి అంచున సామాన్లు ఎక్కించే బెల్టు బండి ఒకటి ఉంది, దాని వెనక భాగం ఎర్ర గీత దాటి బే లోపలికి, అంటే విమానం ఆగాల్సిన జాగాలోకి, చొచ్చుకుని ఉంది. ఎవరో కుర్రాడు పరిగెత్తుకొచ్చి దాన్ని రెండు మూడు మీటర్లు వెనక్కి లాగాడు. కర్రల మనిషి ఎడమ పక్కకూ ఒక చూపు విసిరి, ఆ తర్వాతే చేతులు పైకెత్తాడు.

ఆ బోర్డు పాడవకుండా ఉండుంటే? బహుశా ఏమీ అయ్యేది కాదు. పెద్ద విమానం రెక్క ఎత్తుగా ఉంటుంది, బెల్టు బండి పైనుంచి పోయేదేమో. ఇంజిన్ దాకా వస్తే ఏమయ్యేదో చెప్పలేను. నా బుర్రలో మిగిలిపోయింది వేరే ప్రశ్న. బోర్డు బాగా పనిచేసే రోజున ఆ కుడి పక్కకు ఎవరు చూస్తారు?

ముక్కును చూసే యంత్రం

ఈ బోర్డుల పూర్వీకులు చాలా అమాయకమైన పరికరాలు. బ్రిటన్ విమానాశ్రయాల్లో ఆగ్నిస్ అని ఒకటి ఉండేది. గోడ మీద పక్కపక్కనే రెండు దీపాలు. రెండూ పచ్చగా కనిపిస్తే మధ్యగీత మీద ఉన్నట్టు. ఒకటి ఎర్రగా కనిపిస్తే పచ్చ ఉన్న వైపుకు జరగాలి. దాన్ని కాక్‌పిట్ ఎడమ సీటుకు లెక్కగట్టి బిగించారు కాబట్టి కుడి సీటులోంచి చూస్తే తప్పు చెబుతుంది. ఎక్కడ ఆగాలో చెప్పడానికి పాపా అని ఇంకోటి. ఒక పలకకు గాడి, దాని వెనక ట్యూబ్‌లైటు. విమానం ముందుకు వెళ్లేకొద్దీ గాడిలో ట్యూబ్‌లైటు పక్కకు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. మీ రకం విమానం గుర్తు దగ్గరికి అది చేరగానే బ్రేకు వేయాలి. అంతే.

ఆ పాత సరుకులో నాకు నచ్చేది ఒకటుంది. వాటి చేతకానితనం పైకే కనిపించేది. ట్యూబ్‌లైటును చూసి అది నా రెక్కను కూడా కాపాడుతుందని ఏ పైలటూ అనుకోడు.

ఇప్పటి బోర్డు అలా కాదు. లేజరు కిరణంతో అడ్డంగా, నిలువుగా వెతికి, వస్తున్న విమానం ఆకారాన్ని పట్టుకుని, తన దగ్గరున్న నమూనాతో పోల్చుకుంటుంది. సరిపోతే విమానం రకం పేరు వేసి, మధ్యగీతకు ఎటు జరిగారో బాణంతో చూపించి, ఇంకా ఎన్ని మీటర్లుందో అంకెల్లో తగ్గించుకుంటూ వస్తుంది. రెండు సీట్లలో ఎవరు చూసినా ఒకటే. వేగం ఎక్కువైతే తగ్గించమంటుంది. బాగా వాడుకలో ఉన్న ఒక రకంలో, ఆగాల్సిన చోటుకు 12 మీటర్ల ముందు వరకూ విమానాన్ని గుర్తుపట్టలేకపోతే ఆపేయమని, గుర్తింపు కుదరలేదని ఎర్రగా చూపిస్తుంది. నిజాయితీ గల యంత్రం. తెలియనప్పుడు తెలియదంటుంది. మనుషుల్లో ఇది అరుదు.

చిక్కల్లా దానికి తెలిసిన సంగతి చాలా చిన్నది కావడమే. అది చూసేది వచ్చే దారిని, ముఖ్యంగా మధ్యగీత చుట్టుపక్కల జాగాను. విమానాన్ని కొలిచేది ముక్కు నుంచి, ఇంకా మహా అయితే ఇంజిన్ ఎంత దూరంలో ఉందో చూస్తుంది. ఎయిర్‌బస్ విమానాల్లో ఏ320, ఏ321 రెండింటి ముక్కూ ఒకటే. కానీ మొదటిది 37.57 మీటర్ల పొడవు, రెండోది 44.51. దాదాపు 7 మీటర్ల తేడా అంతా వెనకాలే ఉంటుంది. ఎవరో పొరపాటున ఒకదాని బదులు ఇంకొకటి ఎంచుకుని, యంత్రం కూడా ఆ తేడాను పట్టుకోలేకపోతే, ముక్కు చక్రం గీత మీదే చక్కగా ఆగుతుంది, బోర్డు సరేనంటుంది, తోక మాత్రం వెనక దారిలోకి 7 మీటర్లు ఎక్కువ పొడుచుకుని ఉంటుంది. ఆ దారిలో ఇంకో విమానం వస్తుంది.

రెక్కల సంగతి ఇంకా అధ్వానం. కాక్‌పిట్ లోంచి రెక్క కొస కనపడని పెద్ద విమానాలున్నాయి. 2011 ఏప్రిల్‌లో న్యూయార్క్ జేఎఫ్‌కేలో ఎయిర్ ఫ్రాన్స్ వాళ్ల భారీ విమానం ఏ380 నేల మీద నడుస్తూ పక్కనున్న చిన్న విమానం తోకకు రెక్క తగిలించి దాన్ని బొంగరంలా తిప్పేసింది. ఆ తర్వాతి ఏడాది, అంటే 2012లో, రెక్క కొస కనపడని పెద్ద విమానాలకు కెమెరాల్లాంటివి పెట్టాలని అమెరికా ప్రమాద విచారణ సంస్థ ఎన్‌టీఎస్‌బీ సిఫారసు చేసింది. జేఎఫ్‌కే ఘటన బే లోపల జరిగింది కాదు, ఒప్పుకుంటాను. కానీ బే లోపలికి వచ్చాక రెక్క కొసకు కళ్లు పుట్టుకురావు కదా. పైలట్‌కు కనపడదు, బోర్డుకూ కనపడదు.

జోరువానలో, మంచులో లేజరు తడబడుతుంది, విమానం బాగా దగ్గరికి వస్తే గానీ పట్టుకోలేదు. అలాంటప్పుడు అది చేతులెత్తేస్తుంది, కనుక ఆ రోజుల గురించి నాకు పెద్ద భయం లేదు. భయమంతా ఎండ కాస్తున్న, అన్నీ సవ్యంగా ఉన్న రోజుల గురించే.

అన్నట్టు, చాలామందికి తెలియని సంగతి ఒకటి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏఓ నిబంధనల్లో 14వ అనుబంధం ప్రకారం ఏ320, బోయింగ్ 737 లాంటి విమానాలకు బే లో పక్కవాటితో 4.5 మీటర్ల ఎడం ఉండాలి. రెండు ఆటోలు వరసగా పెడితే పట్టనంత జాగా. పెద్ద విమానాలకు 7.5 మీటర్లు. అయితే ప్రత్యేక పరిస్థితుల్లో, పెద్ద విమానాలు ముక్కు టెర్మినల్ వైపు పెట్టి ఆగే బేలలో, ఈ గైడెన్స్ ఉన్న మేరకు ఆ ఎడం తగ్గించుకోవచ్చని అక్కడే ఉంది. కారణం అర్థమవుతూనే ఉంది. మధ్యగీత మీద కచ్చితంగా నడిపించగలిగితే పక్కన అంత జాగా అక్కర్లేదు. లెక్క సరైనదే. కానీ భద్రత కోసమని తెచ్చిన పరికరం ఇచ్చిన వెసులుబాటును మనం జాగా మిగుల్చుకోవడానికి ఖర్చుపెట్టేసుకున్నాం. మిగిలిన సందులో బెల్టు బండి వెనక భాగానికి చోటు లేదు.

బటన్ ఎవరు నొక్కారు?

మా బావమరిది గల్ఫ్‌లో ఒక విమానాశ్రయంలో పన్నెండేళ్లుగా ర్యాంప్ మీద, అంటే విమానాలు నిలిపే జాగాలో, పనిచేస్తున్నాడు. నా 11 నిమిషాల కథంతా ఫోన్లో చెబితే నవ్వాడు.

"బోర్డు ఆగిపోయింది కాబట్టి నువ్వు ఆ బండిని చూశావు బావా. వెలిగుంటే నువ్వూ చూసేవాడివి కాదు, మావాళ్లూ చూసేవాళ్లు కాదు."

అతను చెప్పిందాన్నిబట్టి పద్ధతి ఇదీ. విమానం వచ్చే ముందు ఒకడు బే అంతా తిరిగి చూడాలి. నేల మీద పడిన బోల్టులు, ప్లాస్టిక్ ముక్కలు ఏరాలి. బండ్లన్నీ ఎర్ర గీత వెనక ఉన్నాయో లేదో, ప్రయాణికులు దిగే వంతెన, ఏరోబ్రిడ్జి, తన చోట ముడుచుకుని ఉందో లేదో చూడాలి. అప్పుడు స్తంభం దగ్గరున్న పెట్టె తెరిచి విమానం రకం ఎంచి బోర్డు వెలిగించాలి. విమానం ఆగేదాకా ఎమర్జెన్సీ స్టాప్ బటన్ దగ్గరే నిలబడాలి. అంటే బోర్డు వెలిగిందంటే యంత్రం సిద్ధంగా ఉందని మాత్రమే కాదు, ఒక మనిషి చూసి పూచీ పడ్డాడని అర్థం. పైలట్ దాన్ని అలాగే చదువుకుంటాడు. బోర్డు వెలగలేదు, మనిషీ లేడు అంటే బే లోకి అడుగు పెట్టకూడదన్నది అందుకే.

ఇప్పుడు ఆ పూచీని మెల్లగా పక్కకు తప్పిస్తున్నారు. కొత్త వ్యవస్థల్లో విమానం రకం, గేటు నంబరు విమానాశ్రయం షెడ్యూలు డేటాబేసులోంచి నేరుగా వస్తాయి, విమానాన్ని బే లోకి నడిపించి ఆపే పని, డాకింగ్, కూడా దాంతోనే మొదలుపెట్టించుకోవచ్చు. వేళ్లతో తప్పుగా ఎంచే బాధ తగ్గుతుంది, అది లాభమే. ఏరోబ్రిడ్జి చోటులో లేకపోతే వెలగకుండా తాళం వేసే ఏర్పాటూ ఉంది, అదీ మంచిదే. కానీ చివరి నిమిషంలో ఏ320 బదులు ఏ321 పంపడం ఎయిర్‌లైన్సుకు కొత్తేమీ కాదు. ఆ మార్పు డేటాబేసుకు చేరేలోపు విమానమే చేరిపోతే? చూసి వెలిగించిన దీపానికీ, టైమ్ అయిందని వెలిగిన దీపానికీ రంగు ఒకటే. కాక్‌పిట్ లో కూర్చున్నవాళ్లకు తేడా తెలిసే దారి లేదు.

నేను పట్టుబట్టేది ఈ ఒక్క చోటే. బోర్డును తీసేయమనడం లేదు. దాన్ని వెలిగించేది బే లో కాళ్ల మీద నిలబడ్డ మనిషే అయ్యుండాలి, వెలిగించాక రెండు రెక్కలూ కనపడే చోట ఎవరో ఒకరు ఉండాలి. కంట్రోల్ రూములో తెర ముందు కూర్చున్నవాడు కాదు, షెడ్యూలు అసలే కాదు.

మన ఆర్టీసీ బస్టాండ్లో చూడండి. డ్రైవర్‌కు అద్దాలున్నాయి, ముప్పై ఏళ్ల అనుభవముంది. అయినా వెనక్కి తీసేటప్పుడు కండక్టర్ దిగి, బస్సు వెనక నిలబడి, డొక్కు మీద అరచేత్తో కొడుతూ "రానీ... రానీ..." అంటాడు. అతనికి ఆ రెండు నిమిషాలూ వేరే పని లేదు. కారుకు సెన్సర్లు పెట్టించుకున్నాక మా అపార్టుమెంటు సెల్లార్‌లో నేను వాచ్‌మన్‌ను పిలవడం మానేశాను. ఒకరోజు సెన్సరు కిక్కురుమనలేదు. పైన వేలాడుతున్న పైపు మాత్రం వెనకద్దానికి తగిలింది. సెన్సరు బంపర్‌లో ఉంటుంది, పైపు పైన ఉంటుంది. ఇందులో సెన్సరు తప్పేమీ లేదు.

మనిషి మాత్రం తక్కువ తిన్నాడా?

ఇక్కడిదాకా రాసి మూడు రోజులు పక్కన పెట్టాను. నా వాదనకు నేనే ఎదురు చెప్పుకోవాల్సి వచ్చింది.

2021 ఫిబ్రవరి 20న దోహా నుంచి గన్నవరం వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం పార్కింగ్ బే వైపు వెళ్తూ రెక్కతో దీపస్తంభాన్ని కొట్టింది. లోపల 64 మంది ప్రయాణికులు, అందరూ క్షేమం. విజయవాడలో మాకు తెలిసినవాళ్లంతా ఆ వంగిన స్తంభం ఫొటోను వారం రోజులు వాట్సాప్‌లో తిప్పారు. స్తంభం ఎక్కడికీ కదలదు, రాత్రికి రాత్రి మొలవదు. నేల మీద ఇంతమంది కళ్లున్నా జరిగేది జరిగింది.

2015 డిసెంబరు 16 రాత్రి ముంబైలో ఇంకా ఘోరం. హైదరాబాద్ రావాల్సిన ఎయిర్ ఇండియా విమానాన్ని వెనక్కి నెట్టే వేళ, నేల మీదున్న టెక్నీషియన్‌ను ఇంజిన్ లోపలికి లాగేసుకుంది. అక్కడ బోర్డు ప్రసక్తే లేదు, పని అంతా మనుషులకూ మనుషులకూ మధ్య సైగల మీద నడిచేదే.

అమెరికాలో అలబామా రాష్ట్రం మాంట్‌గొమరీలో 2022 డిసెంబరు 31న జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. గేటుకు వచ్చి ఆగిన విమానంలో సహాయక విద్యుత్ ఇచ్చే చిన్న ఇంజిన్, ఏపీయూ, పనిచేయడం లేదు. కాబట్టి బయటి కరెంటు తగిలించేదాకా పెద్ద ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. ఈ సంగతి విమానం రావడానికి ముందే నేల మీది సిబ్బందికి చెప్పారు. ఒకసారి కాదు, రెండుసార్లు కూడి మాట్లాడుకున్నారు. అయినా నడుస్తున్న ఆ ఇంజిన్ లాగేసుకుని నేల మీది సిబ్బందిలో ఒక ప్రాణం పోయింది. "విమానం ఆగింది" అన్నది "ప్రమాదం ఆగింది" అన్నట్టు కళ్లకు కనిపిస్తుందేమో. రోజూ ఆగిన కాసేపటికి ఇంజిన్ ఆగిపోతుంది కాబట్టి, ఆ రోజూ ఆగిపోయినట్టే ఒళ్లు నమ్ముతుంది.

అలాంటప్పుడు మనిషిని నిలబెట్టమని నేను ఏ ముఖం పెట్టుకుని అడగాలి? 45 డిగ్రీల ఎండలో కాంక్రీటు మీద, పన్నెండు గంటల డ్యూటీలో తొమ్మిదో విమానాన్ని పిలిచే మనిషి కంటే లేజరు నయం కాదా? గీత మీద ఆపడం ఒక్కటే పని అయితే నిజంగానే నయం. దానికి అలుపు లేదు, ఎడమ కుడి తికమక లేదు, ఏ డాకింగ్‌లో ఏం జరిగిందో రికార్డు కూడా ఉంటుంది.

కానీ రెండూ వేరు వేరు పనులు. గీత మీద నడిపించడం ఒకటి, చుట్టూ చూడటం ఇంకొకటి. కర్రల మనిషి రెండూ చేసేవాడు కాబట్టి అవి ఒకే పని అనిపించేది. యంత్రం మొదటిది తీసుకోగానే మనం ఆ మనిషిని కూడా తీసేశాం, రెండో పని ఎవరి ఖాతాలోనూ పడలేదు. మా బావమరిది చేరిన కొత్తలో రెక్కకొకడు చొప్పున నిలబడేవారట. ఇప్పుడు అతని బృందంలో వచ్చే విమానానికి ఇద్దరే. వాళ్లలో ఒకడు విమానం ఆగీ ఆగకముందే చక్రాలు కదలకుండా వాటి కింద చాకులు, అంటే అడ్డుదిమ్మలు, పెట్టడానికి సిద్ధంగా కాలు కదుపుతూ ఉంటాడు. టెండరు తక్కువ ధరకు పాడినవాడు మనుషుల్లో కాక ఇంకెక్కడ తగ్గిస్తాడు?

అతను చెప్పిన ఒక సంగతి చెప్పాలి. ఒక తెల్లవారుజామున బోర్డు వెలిగించి విమానం లోపలికి వస్తుండగా, ముక్కు చక్రం దారికి కాస్త పక్కగా పసుపు రబ్బరు చాకు ఒకటి కనపడింది. ముందు వెళ్లిన విమానం తాలూకుది. బే తిరిగి చూసింది ఇతనే. ఆ మసక వెలుతురులో ఎలా వదిలేశాడో అతనికే తెలియదు. చక్రం దాని మీదికి ఎక్కేదో, పక్కనుంచి పోయేదో కూడా తెలియదు. పరిగెత్తి ఎర్ర బటన్ కొట్టాడు. బోర్డు మీద స్టాప్ పడింది, విమానం కుదుపుతో ఆగింది. చాకు తీసి పక్కన పడేసి మళ్లీ వెలిగించి పిలిచారు. మొత్తం నాలుగు నిమిషాల ఆలస్యం.

మర్నాడు ఆఫీసుకు పిలిచి సంజాయిషీ రాయమన్నారు. చాకు ఎందుకు వదిలావని కాదు. బ్రేకు గట్టిగా పడి లోపల ఎవరో సీటుకు కొట్టుకున్నారట, ఆగడం ఆలస్యమైందట, చాకు దారిలో లేదు కదా, బటన్ అవసరమా అని.

"అప్పట్నుంచి బటన్ మీద చెయ్యి పెట్టే ముందు ఒక క్షణం ఆలోచిస్తా బావా," అన్నాడు.

ఆ ఒక్క క్షణం గురించి నేను లేజరు తయారుచేసేవాళ్లను అడగలేను. అది వాళ్ల చేతిలో లేదు. బటన్ నొక్కినవాడికి సంజాయిషీ, నొక్కనివాడికి ఏమీ లేదు అనే చోట ఎంతమందిని నిలబెట్టినా వాళ్లు స్తంభాలతో సమానం. నా వాదనలో ఇది పెద్ద చిల్లు అని తెలుసు. మనిషి ఉండాలి అంటే సరిపోదు, ఆపినందుకు అతన్ని ఎవరూ తిట్టకూడదు. దానికి ఏ నిబంధనా ఎలా రాయాలో నాకు తోచలేదు.

మొన్న సంక్రాంతికి వస్తూ ఇంకో విమానాశ్రయంలో బయల్దేరే విమానంలో కిటికీ పక్కన కూర్చున్నాను. పక్క బే ఖాళీగా ఉంది, దాని బోర్డు నాకు ఏటవాలుగా కనిపిస్తోంది. బయట ఒక ఏ320 ముక్కు ఇటు తిప్పుకుని కాచుకుని ఉంది. ఒక కుర్రాడు ఫోన్ చెవికి ఆనించుకునే వచ్చాడు. నేరుగా స్తంభం దగ్గరికి వెళ్లి పెట్టె తెరిచి ఏదో నొక్కాడు. బోర్డు వెలిగింది, విమానం కదిలింది. అప్పుడు వెనక్కి తిరిగి బే అంతా ఒకసారి కలయజూశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని ఎర్ర బటన్ పక్కన నిలబడ్డాడు.

వరస తిరగబడిందని బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

"తిరిగి చూశాడు కదా," అన్నాడు. "మా దగ్గర సగం మంది అదీ చూడరు."